పాత జీపుకు పొగశుద్ధి డబ్బా: ఉంచుదామా, పీకేద్దామా?



ఈ పూట ప్రసంగం పైరు గురించి కాదు, ఎరువు గురించీ కాదు. మీ పొలానికీ, రొయ్యల గుంటకూ, సరుగుడు తోపుకూ మిమ్ములను మోసుకొని పోయే పాత జీపు గురించి. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు ప్రాంతాలలో సముద్రం ఒడ్డుకు వెళ్ళే దారులు మీకు తెలియనివి కావు. తారు రోడ్డు దిగితే ఇసుక, ఇసుక దాటితే ఉప్పు నేల, అటు తరువాత బకింగ్‌హామ్ కాలువ కట్ట. ఇటువంటి దారిలో నాలుగు చక్రాలూ లాగే పాత పెట్రోలు జీపు రైతుకు కుడిభుజము. అది లాగకపోతే గుంటకు మేత చేరదు, పట్టిన రొయ్యలకు మంచు అందదు.

అటువంటి బండి ఒకనాడు లాగడం తగ్గుతుంది. ఇసుకలో మూలుగుతుంది. షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్కు కిందికి దూరి చూచి, "అన్నా, సైలెన్సరుకు ముందర ఒక డబ్బా ఉండాదే, అది పూడిపోయింది. దాన్ని కోసేసి ఆ జాగాలో గొట్టం అతికిస్తే బండి గుర్రం మాదిరి పోద్ది. కూలి కూడా వద్దులే, ఆ పాత డబ్బా నాకిచ్చేయ్" అంటాడు. కూలి లేకుండా పని జరుగుతుందంటే ఎవరికి చేదు? సరేనని అనబోయే ముందు ఈ నాలుగు మాటలు వినండి. అది కోయవచ్చునా, కోయరాదా, కోస్తే వచ్చేదేమిటి, పోయేదేమిటి అన్నదే నేటి విషయము.

మీ బండికి అసలు ఆ డబ్బా ఉన్నదా?

దీనిని క్యాటలిటిక్ కన్వర్టరు అంటారు. మనం పొగశుద్ధి డబ్బా అందాం. 1950వ దశకంలో అమెరికాలో స్థిరపడిన ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హౌడ్రీ దీనిని మోటారు బండ్లకు పనికివచ్చే తీరున రూపొందించాడు. 1975 నాటి మోడళ్ళ నుండి అమెరికాలో కార్లకు పెద్దయెత్తున బిగించసాగారు. మన దేశంలో 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు ఈ డబ్బాకు విషము. అందుచేతనే సీసం లేని పెట్రోలును ముందు ఆ నగరాలలో తెచ్చి, 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా అదే పెట్రోలు అమ్మే ఏర్పాటు చేశారు. ఆ తరువాత భారత్ స్టేజి నియమాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. దేశమంతటా అమలైన తేదీలు చూస్తే రెండవ స్టేజి 2005లో, మూడవది 2010లో, నాలుగవది 2017లో, ఆరవది 2020లో వచ్చాయి.

దీనినిబట్టి మీ బండి లెక్క మీరే వేసుకోవచ్చును. 1995కు ముందరి పెట్రోలు జీపైతే ఈ డబ్బా ఉండదు, ఇక చర్చే లేదు. ఆనాటి పాత డీజిల్ జీపులకూ ఇది లేదు. మద్రాసులో 1995 తరువాత కొత్తగా కొన్న పెట్రోలు బండి చేతులు మారి మన వైపు వచ్చినదైతే డబ్బా ఉండి ఉండాలి. 2005 తరువాతి పెట్రోలు జీపుకు, జిప్సీ కానివ్వండి మరొకటి కానివ్వండి, తప్పక ఉన్నదనే అనుకోండి. అనుమానముంటే ఆర్.సి. కాగితంలో తయారైన నెల, సంవత్సరము, ఏ స్టేజి బండి అన్నది చూడండి. ఆ తరువాత బండి కిందికి చూడండి. ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య, గొట్టంలో సొరకాయలాగా ఉబ్బిన భాగమే అది. కొన్ని బండ్లలో ఇంజను పక్కనే ఉంటుంది.

ఆ డబ్బా చేసే పనేమిటి?

దాని లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. సన్నని కన్నాలు ఈ కొస నుండి ఆ కొసకు వందల కొద్దీ ఉంటాయి. ఆ కన్నాల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే విలువైన లోహాలను పలుచని పూతగా పూస్తారు. అన్నీ కలిపి తూచినా కొద్ది గ్రాములే. ఇంజను నుండి వచ్చే పొగలో మూడు చెడుగులున్నాయి. మొదటిది కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు. రెండవది కాలక మిగిలిన పెట్రోలు ఆవిరి. మూడవది నత్రజని ఆక్సైడులు. వేడెక్కిన ఆ పూత తగిలినప్పుడు మొదటి రెండూ పూర్తిగా కాలి బొగ్గుపులుసు గాలిగా, నీటి ఆవిరిగా మారుతాయి. మూడవది విడిపోయి మామూలు నత్రజని అవుతుంది.

ఈ పని జరగడానికి డబ్బా సుమారు 250 నుండి 300 డిగ్రీల వరకు వేడెక్కాలి. అందుచేత బండి తీసిన మొదటి నిమిషాలలో అది పనిచేయదు. అందులో పూత తరిగిపోదు, కరిగిపోదు. ఇంజను ఆరోగ్యంగా ఉన్నంతకాలము డబ్బా బండితో సమంగా బతకగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాము.

పీకితే లాభమా?

పీకమనేవారు మూడు లాభాలు చెబుతారు. ఒక్కొక్కటే తూచి చూద్దాం.

బలం పెరుగుతుందన్నది మొదటి మాట. డబ్బా నిజంగా పూడిపోయి ఉంటే, తీసిన వెంటనే బండి లాగుతుంది. అందులో అబద్ధం లేదు. పూడని డబ్బాను తీస్తే వచ్చే తేడా మాత్రం ఇసుకలో మీ కాలికి తెలిసేంతటిది కాదు. ఇకపోతే బండి లాగకపోవడానికి పూడిన డబ్బా ఒక్కటే కారణం కాదు. మన తీరంలో ఎయిర్ ఫిల్టరు ఇసుక దుమ్ముతో నిండుతుంది. ఉప్పు గాలికి బ్రేకులు తుప్పుపట్టి చక్రాన్ని పట్టుకొని వదలవు. క్లచ్చి జారుతుంది. పెట్రోలు ఫిల్టరు మూసుకుపోతుంది. వీటిలో ఏది ఉన్నా, డబ్బా తీసినందువల్ల జబ్బు పోదు.

పెట్రోలు ఆదా అవుతుందన్నది రెండవ మాట. దీనిలో తరచు జరిగేది తలకిందులు. ఇంజెక్షను బండ్లలో డబ్బాకు ముందు ఆక్సిజన్ సెన్సరు అనే మీట ఒకటి ఉంటుంది. కొన్నిటికి డబ్బా వెనుక రెండవది కూడా ఉన్నది. పొగను చూచి ఇంజనుకు ఎంత పెట్రోలు పోయాలో చెప్పేది ముందరి సెన్సరు. గొట్టం అతికేటప్పుడు దానిని తీసి పక్కన పడేసినా, వైరు తెగినా, అతుకు దగ్గర గాలి లోపలికి పీల్చినా, ఇంజనుకు లెక్క తప్పుతుంది. లెక్క తప్పిన ఇంజను సాధారణంగా పెట్రోలు ఎక్కువే తాగుతుంది. వెనుక సెన్సరున్న బండిలో డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది. రేపు నిజమైన జబ్బు వచ్చినా ఆ దీపం మీకు కొత్తగా చెప్పగలిగేది ఉండదు.

కూలి లేకుండా పని అవుతుందన్నది మూడవ మాట. ఇది మరీ విచిత్రమైనది. ఆ డబ్బాలోని లోహాలకు పాత సామాన్ల బజారులో మంచి గిరాకీ ఉన్నది. కూలి వద్దన్నవాడు కూలి తీసుకుంటూనే ఉన్నాడు, మీకు కనబడని తీరున. పాడి గేదెను ఉచితంగా తోలుకుపోతానంటే మీరు ఒప్పుకుంటారా? ఇదీ అటువంటిదే.

పీకితే నష్టమేమిటి?

నష్టాలలో మొదట చెప్పవలసినది ప్రాణం సంగతి.

కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తరువాత వికారము, కళ్ళు తిరగడము, మగత. నిద్రపోతున్నవాడికి ఈ గుర్తులు కూడా తెలియవు.

ఇప్పుడు మన బండిని తలచుకోండి. గుడ్డ కప్పు జీపు, వెనుక తలుపు సందులు. నడుస్తున్న బండి వెనుక గాలి సుడి తిరిగి పొగను లోపలికే లాగుతుంది. ఉప్పు గాలికి గొట్టాలు పొక్కులు పొక్కులుగా తుప్పుపట్టి ఉంటాయి. అటువంటి గొట్టాన్ని కోసి హడావుడిగా వెల్డింగు చేస్తే అతుకు పక్కన కొత్త పగులు రావడానికి ఎన్నో రోజులు పట్టదు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వాన. వాన కురుస్తుంటే గుడ్డ పరదాలన్నీ దించి కూర్చుంటాము. గుంట కాపలాకు పోయినవాడు రాత్రి జల్లుకు జీపులోనే పడుకొని ఇంజను వేసి ఉంచుతాడు. డబ్బా ఉన్న బండిలో వేడెక్కిన తరువాత ఈ విషవాయువు చాలా వరకు కాలిపోతుంది. డబ్బా లేని బండిలో ఇంజను కక్కినది కక్కినట్లు బయటికి వస్తుంది. ఆడవారిని, పిల్లలను ఎక్కించుకొని ఆసుపత్రికో పెళ్ళికో పోయేది కూడా ఆ బండే గదా!

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డబ్బా ఉన్నంత మాత్రాన ఇంజను వేసి బండిలో పడుకోవచ్చునని ఎవరూ అనుకోరాదు. డబ్బా ఉన్నా లేకున్నా అది ప్రాణాపాయమే. మూసిన షెడ్డులో ఇంజను నడపడమూ అంతే.

రెండవది చట్టము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారము తయారుచేసినవారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును ఈ అర్థంలోనే నిలబెట్టింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణ ప్రకారము అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చును. గాలిని చెడగొట్టే బండిని రోడ్డు మీద నడిపితే 190వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని ఉన్నవి. లైసెన్సు మూడు నెలలు పనికిరాకుండా పోతుంది.

"నా జీపు పొలంలోనే తిరుగుతుంది గదా" అని కొందరంటారు. పొలం నుండి అల్లూరు సంతకు పోవాలన్నా, పెట్రోలు పోయించుకోవాలన్నా, రోడ్డు ఎక్కక తప్పదు. ఎక్కిన క్షణం నుండి అది రోడ్డు బండే.

మూడవది పొగ పరీక్ష. రెండవ, మూడవ స్టేజి పెట్రోలు కార్లకు, జీపులకు నిలకడ మీద కార్బన్ మోనాక్సైడు నూటికి 0.5 పాలు దాటరాదు. నాలుగవ స్టేజికి 0.3 పాలే. డబ్బా లేని ఇంజను ఈ గీత దాటిపోయే అవకాశమే ఎక్కువ. నాలుగవ స్టేజికి ముందరి బండ్లకు ఆరు నెలలకొకసారి, నాలుగవ స్టేజి నుండి ఏడాదికొకసారి ఈ పరీక్ష సర్టిఫికెట్టు తీసుకోవాలి. పదిహేనేళ్ళు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషను పొడిగించాలన్నా ఫిట్‌నెస్ పరీక్ష దాటాలి. కొందరు పైడబ్బాను అట్లాగే ఉంచి లోపలి తేనెపట్టును ఇనుప కడ్డీతో పొడిచి రాల్చేస్తారు. కంటికి డబ్బా కనబడుతుంది, పరీక్ష యంత్రానికి మాత్రం మోసం తెలిసిపోతుంది. పైగా ఆ పింగాణీ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మరి గడ్డివామి మాటేమిటి?

డబ్బా తీసేయడానికి రైతులు చెప్పే కారణాలలో ఒకటి మాత్రం నిజమైన భయంతో కూడినది. డబ్బా బాగా వేడెక్కుతుంది. కోత రోజులలో కల్లంలోకి బండి తోలి, ఎండుగడ్డి మీద ఆపితే, ఆ వేడికి గడ్డి అంటుకొనవచ్చును. వరిగడ్డి అంటుకుంటే ఆపడం ఎవరి తరం? ఈ భయం సబబైనదే.

అయితే డబ్బా తీసినంత మాత్రాన ఆ భయం తీరదు. ఇంజను దగ్గరి గొట్టం కూడా కాలుతూనే ఉంటుంది. మరొక సంగతి ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న డబ్బా కంటె జబ్బు చేసిన ఇంజనుకు తగిలించిన డబ్బా ఎన్నో రెట్లు ప్రమాదకరము. ప్లగ్గు సరిగా మండకపోతే కాలని పెట్రోలు డబ్బాలోకి వచ్చి అక్కడ మండుతుంది. అప్పుడు డబ్బా ఎర్రగా కాలి కనబడుతుంది. కావున చేయవలసినది ఇంజనును సరిచేయడము, డబ్బా కింద ఉండే రేకు కవచం ఊడిపోయి ఉంటే తిరిగి బిగించడము, గడ్డి మీద, ఎండిన సరుగుడాకు మీద బండి ఆపకుండా ఉండడము. కల్లానికి ఇరవై గజాల దూరంలో మట్టి నేల చూసుకొని ఆపండి. బండి కిందికి వంగి, డబ్బాకు చుట్టుకున్న గడ్డిపోచలను చల్లారిన తరువాత తీసివేయండి. ఈ పనికి పైసా ఖర్చు లేదు.

పూడినదో లేదో తెలుసుకోవడం ఎట్లా?

చెరువు తూములో నీరు రాకపోతే మనం తూమును పగులగొడతామా? నాచు ఎక్కడ అడ్డుపడిందో, ఆ నాచు ఎక్కడి నుండి వస్తున్నదో చూస్తాము. ఇక్కడా అదే పద్ధతి. ఈ వరుసలో పరీక్ష చేయించండి.

మొదట ఖర్చు లేనివి చూడండి. ఎయిర్ ఫిల్టరు తీసి దులపండి. బండిని చదునైన నేల మీద చేత్తో నెట్టి, బ్రేకులు పట్టుకొని ఉన్నవేమో గమనించండి. ప్లగ్గులు తీసి రంగు చూడండి.

తరువాత, బండి పూర్తిగా చల్లారాక, డబ్బాను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. గలగలమంటే లోపలి పింగాణీ పగిలిందన్నమాట. ఆ ముక్కలే దారికి అడ్డం పడతాయి.

మూడవది వాక్యూం గేజి. ఇంజను పీల్చే గాలిని కొలిచే చిన్న గడియారం వంటిది. సముద్రమట్టంలో ఉన్న మన నెల్లూరు తీరంలో, మంచి ఇంజను నిలకడ మీద 17 నుండి 21 అంగుళాలు చూపుతుంది. ఇంజనును 2500 చుట్ల వద్ద నిలిపి ఉంచండి. ముల్లు నిలబడక మెల్లమెల్లగా కిందికి దిగుతూ పోతే పొగ దారి మూసుకున్నదని అనుమానించవచ్చును.

నాల్గవది పొగ ఒత్తిడి. డబ్బాకు ముందున్న సెన్సరును విప్పి ఆ రంధ్రంలో ఒత్తిడి గేజి బిగించాలి. నిలకడలో చదరపు అంగుళానికి ఒకటిన్నర పౌండు లోపల, 2500 చుట్ల వద్ద 3 పౌండ్ల లోపల ఉంటే డబ్బా దోషి కాదు. అంతకు ఎక్కువైతే డబ్బా గాని, దాని వెనుక సైలెన్సరు గాని పూడినది. చాలాసార్లు తుప్పుతో లోపలి రేకు విరిగి అడ్డం పడినది సైలెన్సరే అవుతుంది. దానిని మార్చడం చవక.

ఈ పరీక్షలు అడిగితే "ఎందుకన్నా, నాకు తెలీదా" అనే మెకానిక్కు దగ్గర కంటె, గేజి తీసి చూపే మెకానిక్కు దగ్గర పని చేయించుకొనుట మేలు.

ఎందుకు పూడింది?

డబ్బా తనంతట తాను చెడదని ముందే చెప్పుకున్నాం. చెడగొట్టేవి నాలుగు.

ఒకటి, మండని ప్లగ్గు, తెగిన వైరు. కాలని పెట్రోలు లోపల మండి, పింగాణీని కరిగించి ముద్ద చేస్తుంది. రెండు, ఇంజను ఆయిలు తాగడము. అరిగిన రింగులున్న పాత బండిలో ఆయిలు కాలి, దానిలోని భాస్వరము పూతను కప్పేస్తుంది. మూడు, హెడ్ గ్యాస్కెట్ కారి రేడియేటరు నీరు పొగలో కలవడము. నాలుగు, దెబ్బలు. రాయి తగలడము ఒకటైతే, మన తీరపు ప్రత్యేకమైన దెబ్బ ఇంకొకటి: గంటసేపు ఇసుకలో లాగి ఎర్రగా కాలిన డబ్బాతో అమాంతం కాలువ నీటిలో దిగడము. కాగిన పెనం మీద నీళ్ళు పోసినట్లు లోపలి పింగాణీ పగులుతుంది.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా ఆరవ స్టేజి పెట్రోలు అమ్ముతున్నారు. దీనిలో గంధకము చాలా తక్కువ, పాత డబ్బాకు మంచిదే. అయితే ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళ వరకు ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలు తేమను పీలుస్తుంది. సముద్రపు గాలిలో నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపిన బండిలో అడుగున నీరు చేరి, ఇంజను దగ్గుతుంది. ఆ దగ్గే డబ్బాకు చేటు. పాత రబ్బరు గొట్టాలు కూడా మెత్తబడతాయి. బండిని నిలపవలసి వస్తే ట్యాంకు నింపి నిలపండి, అప్పుడప్పుడు తిప్పుతూ ఉండండి, రబ్బరు గొట్టాలు మార్పించండి.

మూలకారణం సరిచేయకుండా డబ్బా పీకినవారికి కలిగేదేమిటి? ఆయిలు తాగే ఇంజను తాగుతూనే ఉంటుంది. ప్లగ్గు మండని ఇంజను పెట్రోలు ఒలకపోస్తూనే ఉంటుంది. ఇంట్లో ఎలుకలు పడ్డాయని ఇల్లు తగలబెట్టుకున్నట్లు, జబ్బును చెప్పే సాక్షిని తరిమేశాం గాని జబ్బును తరమలేదు.

నిజంగా చచ్చిన డబ్బాకు ఏమి చేయాలి?

పరీక్షలన్నీ అయి, డబ్బా పోయిందని తేలితే మార్పించవలసినదే. ముందు ఇంజను జబ్బు కుదర్చండి, ఆ తరువాతనే కొత్త డబ్బా. లేకుంటే కొత్తదీ అదే దారి పడుతుంది. మీ బండి మోడలుకు, ఇంజను పరిమాణానికి, స్టేజికి సరిపడినదే కావాలని అడగండి. రసీదు, గ్యారంటీ కాగితము తీసుకోండి. పాత డబ్బా మీ సొత్తు. దానిని మెకానిక్కుకు వదలక, ఇద్దరు ముగ్గురు పాత సామాన్ల వ్యాపారులను ధర అడిగి, రసీదు మీద అమ్మండి. కొత్తదాని ఖర్చులో కొంత భాగం అక్కడే కలిసివస్తుంది.

"ఆ ఖర్చు పెడితే ఈ ముసలి బండి వెల కంటె ఎక్కువవుతుంది" అనే రైతు మాటలోనూ న్యాయం ఉన్నది. అతడు లెక్క వేసుకోవలసినది ఇది. చాసిస్ తుప్పు తినేసి, ఇంజను ఆయిలు తాగుతూ, డబ్బా కూడా పోయిన బండి అయితే, దానికి ఒక్కొక్కటే మందు వేయడం కంటె, 2021 నాటి విధానం ప్రకారము గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించి సర్టిఫికెట్టు తీసుకోవడమో, మరొక మంచి బండి చూసుకోవడమో మేలు. చాసిస్ గట్టిది, ఇంజను గట్టిది, డబ్బా మాత్రమే పోయిన బండి అయితే, డబ్బా ఖర్చు ఆ బండి మరి పదేళ్ళు పనిచేయడానికి పెట్టిన పెట్టుబడి. ఈ రెండింటి నడుమ, డబ్బా పీకి ఏదో విధంగా నడుపుదామన్న మూడవ దారి మాత్రం ఏ లెక్కలోనూ నిలవదు. రేపు అమ్మబోయినా కొనేవాడు అదే చూచి ధర తగ్గిస్తాడు.

ట్రాక్టరు రైతులకు కూడా ఒక్క మాట. పాత ట్రాక్టర్లకు ఈ డబ్బా లేదు. 2023 జనవరి నుండి 50 గుర్రాల శక్తికి మించిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన పొగ నియమాలు వచ్చి, వాటిలో ఇటువంటి శుద్ధి ఏర్పాట్లు చేరాయి. వాటి విషయంలోనూ ఇదే నీతి: పొగ ఏర్పాటును పీకవద్దు, అది ఎందుకు మూసుకున్నదో చూడండి.

తీరప్రాంతంలో కాపాడుకొనే విధము

ఉప్పు నీటిలోనో, బురదలోనో తిరిగి వచ్చిన రోజున బండి కింది భాగమంతా మంచినీటితో కడగండి. కాని వచ్చీ రాగానే కాదు, గంటసేపు చల్లారనిచ్చి. కాలువ దాటవలసి వస్తే గట్టు మీద కొంతసేపు ఆపి, డబ్బా వేడి తగ్గిన తరువాత నీటిలో దిగండి. డబ్బా బిగించిన బోల్టులు ఏడాదికొకసారి చూపించండి. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు సకాలంలో మార్పించండి. ఆయిలు మట్టము వారానికొకసారి చూడండి. తగ్గుతూ పోతుంటే అది ఎక్కడికి పోతున్నదో తెలుసుకోండి. ఇంజను దగ్గుతున్నప్పుడు దానిని బలవంతాన లాగించకండి.

గ్రామ వ్యవసాయ సహాయకులకు, మత్స్య సహాయకులకు ఒక మనవి. మీరు గుంటల గట్ల మీద రైతులతో మాట్లాడే వేళ ఈ సంగతి కూడా కలపండి. ముఖ్యంగా వానల నెలలలో, పరదాలు దించి ఇంజను వేసి పడుకొనేవారిని లేపి చెప్పండి. బండి ఎక్కినప్పుడల్లా తలనొప్పి వస్తున్నదని ఎవరైనా అంటే, దానిని ఎండదెబ్బ అనో, నిద్రలేమి అనో తీసివేయక, పొగగొట్టం చూపించుకొమ్మని చెప్పండి. కోతల ముందు కల్లాల దగ్గర బండ్లు ఆపే చోటు ఊరివారందరితో కలిసి నిర్ణయించండి.

చివరకు చెప్పిన సంగతులను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీ బండికి డబ్బా ఉన్నదో లేదో ఆర్.సి. చూచి తెలుసుకోండి. బండి లాగకపోతే ముందు చవక కారణాలు చూడండి. గేజి పెట్టి కొలవనిదే డబ్బా మీద నేరం మోపవద్దు. చెడిందని తేలితే చెడగొట్టిన జబ్బు కుదిర్చి, సరియైన డబ్బా వేయించండి. ఉచితంగా పీకుతానన్నవాడికి నమస్కారం పెట్టి బండి తోలుకొని రండి.

ఎడగారు పైరుకు నీరు పెట్టడానికైనా, తెల్లవారుజామున గుంటకు మేత చల్లడానికైనా మీరు ఎక్కే బండి మిమ్ములను క్షేమంగా తీసుకుపోయి, క్షేమంగా ఇంటికి తీసుకురావాలని కోరుతూ, సెలవు.